రాజు ముఖం లేని నాణేలు: పాత యూరప్ నగరాల నాణేలను చదవడం ఎలా?

పాత నాణెం అనగానే మనకు రాజు గుర్తొస్తాడు. ఒక వైపు ఆయన ముఖం లేదా పేరు, బిరుదులు, ఇంకో వైపు రాజముద్ర. కానీ మధ్యయుగం నుంచి 18వ శతాబ్దం చివరిదాకా యూరప్‌లో చాలా నగరాలు సొంతంగా టంకశాలలు నడుపుకున్నాయి. వెనీస్, ఫ్లోరెన్స్, జెనోవా, న్యూరెంబర్గ్, ల్యూబెక్, హాంబర్గ్, బెర్న్, జ్యూరిక్ లాంటి ఊళ్ళను ఏలింది వర్తకులు, పెద్ద కుటుంబాలు, నగర సభలు. మరి రాజు ముఖం ఉండాల్సిన చోట ఏ బొమ్మ వేయాలి? ఈ ప్రశ్నకు ఒక్కో నగరం ఒక్కో జవాబు చెప్పింది. ఆ జవాబును పట్టుకోవడమే ఈ నాణేలను చదవడం. తేదీ, బరువు, లోహం, అరుదుతనం అన్నీ ముఖ్యమే కానీ, ఈ ప్రశ్న వేసుకోకుండా చూస్తే నాణెం ధర తెలుస్తుందేమో గానీ నాణెం మాత్రం అర్థం కాదు.

మనకు ఇవి మరీ దూరపు వస్తువులేమీ కావు. మిరియాలు, మసాలా దినుసుల వ్యాపారంలో వెనీస్ బంగారు డకట్లు ఈజిప్ట్, ఎర్ర సముద్రం మీదుగా దక్షిణ భారతానికి పెద్ద ఎత్తున వచ్చాయి. ఇక్కడి కంసాలులు వాటికి నకళ్ళు కూడా చేశారు, నగల్లో గుచ్చుకున్నారు. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో వెనీస్ నాణేల సేకరణ ఉంది. నాణెం చేతిలో లేకపోయినా ఫర్వాలేదు. బ్రిటిష్ మ్యూజియం ఆన్‌లైన్ సేకరణలోనో, న్యూమిస్టా సైట్‌లోనో ఒక పెద్ద ఫోటో తెరిచి పెట్టుకుని ఈ మెట్లు అనుసరించవచ్చు.

మెట్టు 1: ముట్టుకునే ముందు

పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం, గ్రాములో నూరో వంతు చూపించే చిన్న డిజిటల్ త్రాసు, వెర్నియర్ కాలిపర్, పక్కనుంచి పడేలా వంచగలిగే టేబుల్ లైటు. ఇవి చాలు. పైనుంచి నేరుగా పడే వెలుగులో అరిగిపోయిన బొమ్మ కనపడదు. లైటును పక్కకు దించితే నీడలు లేచి, లేదనుకున్న అక్షరాలు బయటికొస్తాయి.

నాణేన్ని అంచులతో పట్టుకోండి. అన్నిటికంటే ముఖ్యం, తోమకండి. ఇత్తడి సామాన్లకు చింతపండు పెట్టే చేయి వెండి నాణెం చూడగానే అటే వెళ్తుంది. ఒక్కసారి రుద్దితే వందల ఏళ్ళుగా పట్టిన పైపొర పోతుంది, సన్నని గీతలు పడతాయి, సేకరణకర్తల దగ్గర విలువ సగానికి పైగా పడిపోవచ్చు.

మెట్టు 2: తూకం, కొలత

బొమ్మ చూడకముందే తూకం వేయండి. వెనీస్ డకట్, ఫ్లోరెన్స్ ఫ్లోరిన్ రెండూ దాదాపు మూడున్నర గ్రాముల మేలిమి బంగారం, అడ్డంగా సుమారు 2 సెంటీమీటర్లు. ఇతర రాజ్యాలు తమ బంగారు నాణేలకు ఈ రెండింటినే కొలమానంగా పెట్టుకున్నాయి. టాలర్ అనే పెద్ద వెండి నాణెం అయితే 28, 29 గ్రాముల దగ్గర ఉంటుంది. మీ నాణెం 2.8 గ్రాములు తూగి, బొమ్మ మాత్రం డకట్‌లా ఉంటే, దాదాపుగా అది నకలే. అయినా పక్కన పడేయకండి, దాని సంగతి చివర్లో చూద్దాం.

మెట్టు 3: చుట్టూ ఉన్న అక్షరాలు

రాత దాదాపు ఎప్పుడూ పైన, గడియారంలో 12 ఉండే చోట మొదలై కుడివైపు తిరుగుతుంది. మొదలు ఎక్కడో తెలియడానికి చాలాసార్లు ఒక చిన్న శిలువ గుర్తు పెట్టేవారు. భాష లాటిన్. చోటు చాలక మాటలను మధ్యలో కత్తిరించేవారు కాబట్టి ఆ తెగిన మాటలు చూసి టెన్షన్ పడొద్దు. యు రాయాల్సిన చోట వి కనిపిస్తుంది. పేరు ముందు ఒంటరిగా ఎస్ ఉంటే 'సాంక్టుస్', అంటే పునీతుడు.

కొన్ని మాటలు గుర్తుంటే సగం పని అయిపోతుంది. 'మొనేటా నోవా' అంటే కొత్త నాణెం, దాని వెనకే నగరం పేరు వస్తుంది. 'సివిటాస్' నగరం, 'రెస్ పుబ్లికా' గణతంత్రం. నగరాల లాటిన్ పేర్లు మాత్రం మొదట్లో ఇబ్బంది పెడతాయి. రాటిస్బోనా అంటే రేగెన్స్‌బర్గ్, బొనోనియా అంటే బొలోనియా, ఆర్జెంటీనా అంటే స్ట్రాస్‌బర్గ్, ఇయానువా అంటే జెనోవా, మెడియోలానుమ్ అంటే మిలాన్, గెడానుమ్ అంటే ఈనాటి పోలండ్‌లోని గ్డాన్స్క్. ఆర్జెంటీనా అని చూసి దక్షిణ అమెరికా వైపు వెతికే కొత్తవాళ్ళు ఉంటారు, జాగ్రత్త.

ఇంకో ముఖ్యమైన సంగతి. నాణెం మీద ఉన్న రాజు పేరు ఆ కాలపు రాజుదే కానక్కర్లేదు. జర్మనీ రాజు మూడో కొన్రాడ్ 1138లో జెనోవాకు నాణేలు వేసుకునే హక్కు ఇచ్చాడు. ఆయన పోయిన తర్వాత కూడా శతాబ్దాల పాటు జెనోవా నాణేల మీద ఆయన పేరే ఉంది. ఫ్రాన్స్ సరిహద్దులోని బెజాన్‌సోన్ నగరం 1558లో చనిపోయిన చక్రవర్తి ఐదో చార్లెస్ బొమ్మను 17వ శతాబ్దంలో కూడా వేసింది. ఆ పేర్లు పాలకుడెవరో చెప్పడానికి వేసినవి కావు. మాకు ఈ హక్కు ఎవరిచ్చారో చూడండి అని చెప్పడానికి. పేరు చూసి తేదీ వేసేయకూడదు.

మెట్టు 4: మనిషి బొమ్మ ఉంటే చేతిలో ఏముందో చూడండి

నగర నాణెం మీద మనిషి కనిపిస్తే అది పాలకుడికంటే ఆ ఊరిని కాపాడే పునీతుడయ్యే అవకాశమే ఎక్కువ. గుడిలో శంఖచక్రాలు చూసి విష్ణువనీ, ఢమరుకం చూసి శివుడనీ మనం ఎలా పోల్చుకుంటామో, ఇక్కడా అంతే. ముఖాలన్నీ ఒకేలా ఉంటాయి, చేతిలో వస్తువే పేరు చెబుతుంది. తాళంచెవి ఉంటే పీటర్. ఇనుప కడ్డీల చట్రం పట్టుకుంటే లారెన్స్, ఆయన్ని అలాంటి చట్రం మీదే కాల్చి చంపారని నమ్మకం. న్యూరెంబర్గ్ బంగారు గుల్డెన్ల మీద ఈయన కనిపిస్తాడు. అదే ఊరి నాణేల మీద చిన్న చర్చి నమూనా పట్టుకున్నవాడు సెబాల్డ్. కొరడా పట్టుకుని కూర్చున్న బిషప్ మిలాన్ పునీతుడు ఆంబ్రోజ్. ఒక ఊరినే చేతిలో మోస్తున్నవాడు కనిపిస్తే డుబ్రోవ్నిక్ కాపరి బ్లేజ్ అనుకోవచ్చు, ఆ ఊరి పాత పేరు రగూజా.

జ్యూరిక్ 1512 టాలర్ చూసినవాళ్ళు మరిచిపోలేరు. ముగ్గురు మనుషులు వరసగా నిలబడి ఉంటారు, ఎవరి తల వాళ్ళ చేతుల్లోనే ఉంటుంది. ఫెలిక్స్, రెగులా, ఎక్సుపెరాన్షియస్ అనే ఈ ముగ్గురికీ శిరచ్ఛేదం జరిగితే, తమ తలలు తామే మోసుకుంటూ సమాధి చోటికి నడిచారని అక్కడి కథ.

మెట్టు 5: ఒక్క నాణెం, పూర్తిగా

ఇప్పటిదాకా నేర్చుకున్నదంతా వెనీస్ డకట్ మీద వాడి చూద్దాం. నేర్చుకోవడానికి దీనికంటే మంచి నాణెం లేదనే నా అభిప్రాయం. 1284లో డోజ్ జొవాన్నీ డాండోలో కాలంలో దీనికి నిర్ణయం జరిగింది. 1797లో నెపోలియన్ ధాటికి గణతంత్రం కూలేదాకా ఐదు వందల ఏళ్ళు దాదాపు అదే బొమ్మతో నడిచింది. డోజ్ అంటే జీవితకాలానికి ఎన్నుకున్న నగరాధిపతి.

ఒక వైపు ఇద్దరు మనుషులు. ఎడమవైపు నిలబడ్డవాడు పునీత మార్క్, వెనీస్ కాపరి. కుడివైపు మోకాళ్ళ మీద ఉన్నవాడు డోజ్. ఇద్దరి మధ్య నిలువుగా ఒక జెండా కర్ర, దాన్ని మార్క్ ఇస్తున్నాడు, డోజ్ అందుకుంటున్నాడు. ఆ కర్ర వెంబడి పైనుంచి కిందికి డి, వి, ఎక్స్ అని మూడక్షరాలు. 'డుక్స్', అంటే నాయకుడు. మార్క్ వెనక ఆయన పేరు, వెనీస్ పేరు పొట్టి రూపంలో ఉంటాయి. డోజ్ వెనక డోజ్ పేరు. తేదీ ఉండదు కాబట్టి ఆ పేరే మీకు కాలం చెప్పేది. 'మానిన్' అని కనపడితే చివరి డోజ్, 1789 నుంచి 1797 మధ్యది.

తిప్పితే నిలబడ్డ క్రీస్తు. ఆయన చుట్టూ బాదం గింజ ఆకారపు చట్రం, అందులో నక్షత్రాలు. ఒక చేత్తో దీవెన, ఇంకో చేతిలో సువార్త గ్రంథం. చుట్టూ ఉన్న రాత చాలా కత్తిరించి ఉంటుంది. విప్పి చదివితే భావం ఇది: "క్రీస్తూ, నీవు ఏలే ఈ రాజ్యం నీకే అర్పితం." ఇందులో ఎక్స్, పి ఆకారంలో కనిపించే అక్షరాలు నిజానికి గ్రీకువి, క్రీస్తు పేరుకు పొట్టి రూపం.

ఇక మన అసలు ప్రశ్న. ముఖం చోట ఏం పెట్టారు? మోకరిల్లిన అధిపతిని పెట్టారు. దీనికి ముందు వెనీస్ వేసిన గ్రోసో అనే వెండి నాణెం మీద మార్క్‌తో పాటు డోజ్ కూడా నిలబడే ఉంటాడు. బంగారం దగ్గరికి వచ్చేసరికి ఆయన్ని మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. జెండా ఆయన సొంతం కాదు, పై నుంచి వచ్చింది. ఊరికి అసలు యజమాని మార్క్, డోజ్ ఆయన తరఫున పని చేసే మనిషి. ఇది ఊరికే భక్తి అనుకోకండి, డోజ్‌కి గీసిన హద్దు. 1472లో నికొలో త్రోన్ అనే డోజ్ వెండి లీరా మీద తన ముఖం అచ్చు వేయించుకున్నాడు. ఆయన పోగానే అలా ముఖం వేయకూడదని నిషేధం పెట్టారు. తమ నాయకుడు రాజులా మారిపోతాడేమోనన్న భయం వెనీస్‌ పెద్దలకు ఎంతగా ఉండేదో ఆ ఒక్క నాణెం చెబుతుంది.

మెట్టు 6: పువ్వు, జంతువు, కోట

మనిషే లేని నాణేలు ఇంకా సూటిగా మాట్లాడతాయి. ఫ్లోరెన్స్ 1252లో మొదలుపెట్టిన ఫ్లోరిన్ ఒక వైపు లిల్లీ పువ్వు, మరో వైపు ఒంటె రోమాల వస్త్రం వేసుకున్న బాప్తిస్మమిచ్చే యోహాను. పాలకుడి ప్రస్తావనే లేదు. ఆ లిల్లీని భూతద్దంలో చూడండి: రేకుల మధ్య నుంచి మొగ్గల్లాంటి కేసరాలు లేస్తుంటాయి. ఫ్రాన్స్ రాజుల లిల్లీకి ఇవి ఉండవు. రెండింటినీ విడదీయడానికి ఇదే గుర్తు. నాకు తెలిసిన నగర చిహ్నాల్లో ఇంత పొందిగ్గా నాణెం మీద కుదిరింది ఇంకోటి లేదు.

జెనోవా అదే 1252లో వేసిన బంగారు నాణెం మీద కోట ద్వారం ఉంటుంది. ఊరి లాటిన్ పేరుకు ద్వారం అనే అర్థం ఉంది. హాంబర్గ్‌ది కూడా కోటే, మూడు బురుజులది. కాబట్టి కోట కనిపించగానే ఊరి పేరు రాసేయకుండా బురుజులు లెక్కపెట్టండి, చుట్టూ ఉన్న రాతతో సరిచూడండి. ఎలుగుబంటి విషయంలోనూ అంతే. నాలుగు కాళ్ళ మీద నడుస్తుంటే బెర్న్. వెనక కాళ్ళ మీద నిలబడి, మెడలో పట్టీ ఉంటే సెయింట్ గాలెన్. ఆ పట్టీ 1475లో చక్రవర్తి మూడో ఫ్రెడరిక్ ఇచ్చిన గౌరవం.

మిగతావి క్లుప్తంగా. మూడు కిరీటాలు కొలోన్‌వి, బాల యేసును చూడడానికి వచ్చిన ముగ్గురు జ్ఞానుల అవశేషాలు 1164లో ఆ ఊరికి చేరాయి. పైన్ కాయ ఆగ్స్‌బర్గ్‌ది, రోమన్ల కాలం నాటి జ్ఞాపకం. ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టిన రెండు తాళంచెవులు రేగెన్స్‌బర్గ్‌వి, లైడెన్‌వి కూడా. బిషప్ చేతికర్ర బాజెల్‌ది. రెండు శిలువల మీద కిరీటం గ్డాన్స్క్‌ది, ఆ కిరీటాన్ని పోలండ్ రాజు నాలుగో కాజిమీర్ 1457లో ఇచ్చాడు.

జెనోవా దగ్గరికి మళ్ళీ ఒకసారి వెళ్ళాలి. 1637లో ఆ గణతంత్రం మేరీ మాతను తమ రాణిగా ప్రకటించింది. ఆ తర్వాత పెద్ద వెండి నాణేల మీద కోట బదులు మేఘాల మీద కూర్చున్న మేరీ వచ్చింది. రాజులున్న దేశాల మధ్య కిరీటం లేని ఊరికి మర్యాద తక్కువ. అందుకే ఎవరూ కాదనలేని రాణిని తెచ్చుకున్నారు.

మెట్టు 7: రెండు తలల గద్ద

జర్మన్ నగరాల నాణేల్లో ఒక వైపు నగర చిహ్నం, రెండో వైపు రెండు తలల గద్ద చాలా తరచుగా కనిపిస్తాయి. అచ్యుతదేవరాయల నాణేల మీద గండభేరుండం చూసినవాళ్ళకు అదే గుర్తొస్తుంది గానీ, దీని కథ వేరు. ఇది పవిత్ర రోమన్ సామ్రాజ్యపు గుర్తు. ల్యూబెక్, హాంబర్గ్, ఫ్రాంక్‌ఫర్ట్, న్యూరెంబర్గ్ లాంటివి స్వతంత్ర సామ్రాజ్య నగరాలు. అంటే మధ్యలో ఏ ప్రభువుకూ లోబడవు, నేరుగా చక్రవర్తికే జవాబుదారీ. గద్దను వేయడం లొంగుబాటు అనిపిస్తుంది, కానీ పొరుగున ఉన్న ప్రభువుకు అది హెచ్చరిక: మా జోలికి వస్తే చక్రవర్తి జోలికి వచ్చినట్టే.

గద్ద రొమ్ము మీద గుండ్రని గోళం, అందులో అంకె ఉంటే అది నాణెం విలువ. హాంబర్గ్, ల్యూబెక్ టాలర్ల మీద 32 అని ఉంటే 32 షిల్లింగులు. చిన్న వెండి నాణేల మీద 24 అని ఉంటే టాలర్‌లో 24వ వంతు. జెనీవాలో గద్ద సగమే ఉంటుంది, మిగతా సగం తాళంచెవి. గద్ద సామ్రాజ్యానిది, తాళంచెవి పునీత పీటర్ పేరు మీద ఉన్న బిషప్ చర్చిది. మతసంస్కరణలో, అంటే ప్రొటెస్టెంట్లుగా మారినప్పుడు, బిషప్‌ను వదిలించుకున్నాక కూడా ఆ చిహ్నాన్ని మార్చలేదు. చుట్టూ "చీకటి తర్వాత వెలుగు" అని మాత్రం రాసుకున్నారు.

మెట్టు 8: ఊరి దృశ్యం

17, 18 శతాబ్దాల్లో కొన్ని నగరాలు తమ ఊరినే నాణెం మీద చెక్కించాయి. నది, వంతెన, ప్రాకారం, చర్చి గోపురాలు అన్నీ నాలుగు సెంటీమీటర్ల వెండి మీద. ముందు నదిని వెతకండి, తర్వాత అన్నిటికంటే ఎత్తైన గోపురాన్ని. రేగెన్స్‌బర్గ్ టాలర్ల మీద డాన్యూబ్ దాటే రాతి వంతెన స్పష్టంగా ఉంటుంది. 12వ శతాబ్దంలో కట్టిన ఆ వంతెన నేటికీ నిలిచే ఉంది, ఫోటో పక్కన పెట్టి పోల్చుకోవచ్చు. ఆకాశంలో కిరణాల మధ్య నాలుగు హీబ్రూ అక్షరాలు కనిపిస్తే అది దేవుడి పేరు. పునీతుల బొమ్మలు వద్దనుకున్న ప్రొటెస్టెంట్ నగరాలకు ఈ అక్షరాలు బాగా అక్కరకొచ్చాయి. బాజెల్, జ్యూరిక్ నాణేల మీద ఉండే లాటిన్ ప్రార్థన "ప్రభూ, మమ్మల్ని శాంతిలో కాపాడు".

మెట్టు 9: తేదీ ఎక్కడ దాక్కుంది?

తేదీ అంకెల్లో ఉంటే సరే. లేకపోతే రెండు చోట్ల వెతకాలి.

మొదటిది, చిన్న గుర్తులు. ఫ్లోరిన్ మీద యోహాను తల దగ్గర ఆకులాంటిదో, నక్షత్రంలాంటిదో ఒక బుల్లి గుర్తు ఉంటుంది. అది ఆ ఆరునెలల పాటు టంకశాల బాధ్యత చూసిన అధికారిది. 1317లో ఆ గుర్తుల కోసం ఒక రిజిస్టర్ మొదలుపెట్టారు, చరిత్రకారుడు జొవాన్నీ విల్లానీ ఆ పని చేసినవాళ్ళలో ఒకడు. ఆ రిజిస్టర్ మిగిలి ఉండడం వల్ల, తేదీయే లేని నాణేన్ని ఈరోజు ఆరు నెలల తేడాతో చెప్పగలుగుతున్నాం.

రెండోది, వాక్యంలో దాచిన తేదీ. న్యూరెంబర్గ్ 'గొర్రెపిల్ల డకట్' దీనికి చక్కటి ఉదాహరణ. ఒక వైపు నగరపు మూడు డాళ్ళు, మరో వైపు భూగోళం మీద జెండాతో నిలబడ్డ గొర్రెపిల్ల. చుట్టూ 'టెంపోరా నోస్ట్రా పాటెర్ డోనాటా పాచే కొరోనా', "తండ్రీ, శాంతినిచ్చి మా కాలానికి కిరీటం పెట్టు" అని. ఇందులో రోమన్ అంకెలుగా పనికొచ్చే అక్షరాలు మాత్రమే ఏరండి. మొదటి మాటలో ఎం, 1000. నాలుగో మాటలో డి, 500. చివరి రెండు మాటల్లో చెరొక సి, 100, 100. మొత్తం 1700. వాక్యంలో ఇంకే రోమన్ అంకె అక్షరమూ లేదు, ఒక్కటి ఎక్కువైనా లెక్క తప్పేది. అయితే ఈ నాణేన్ని తర్వాతి కాలంలోనూ అదే తేదీతో మళ్ళీ వేశారు. కొనేటప్పుడు 1700 అన్నది బొమ్మ తేదీగానే చూడండి.

మెట్టు 10: ఆకారం తేడాగా ఉంటే

నలుచదరపు నాణెం, హడావిడిగా కొట్టిన అచ్చు కనిపిస్తే ముట్టడి కాలంలోదేమో చూడండి. 1529లో తుర్కులు వియన్నాను చుట్టుముట్టినప్పుడు వెండిని చదరంగా కత్తిరించి నాణేలు వేశారు, వాటి మీద ఆ మాటే రాశారు. 1574లో స్పెయిన్ సైన్యం లైడెన్‌ను ముట్టడిస్తే లోహం చాలక చర్చి పుస్తకాల కాగితాలు అతికించి నాణేలు చేశారు. దాని మీద రాత "ఇది స్వేచ్ఛ కోసం". పోలండ్‌లోని తోరున్ 1629లో స్వీడన్ దాడిని తట్టుకున్నాక వేసిన టాలర్ మీద ఊరు మంటల్లో కాలుతుంటుంది. "నిప్పులో పరీక్షకు నిలిచిన విశ్వాసం, స్థైర్యం" అని చుట్టూ ఉంటుంది. తమ ఊరు తగలబడుతున్న దృశ్యాన్ని గొప్పగా చూపించుకున్న నాణేలు చాలా అరుదు.

మెట్టు 11: అసలా, నకలా, ఇక్కడి నకలా?

పోత పోసిన నకలుకు అంచు చుట్టూ సన్నని అతుకు గీత, ఉపరితలం మీద సూదిమొన లాంటి గుంటలు ఉంటాయి. అచ్చుతో కొట్టిన అసలు నాణెంలో అక్షరాల అంచులు పదునుగా లేస్తాయి. నగలో ఉన్న డకట్ అయితే పై అంచున కొక్కెం అతికిన మచ్చ వెతకండి, ఆ మచ్చ ధర తగ్గిస్తుంది గానీ చరిత్ర పెంచుతుంది.

ఇక భారతీయ నకళ్ళు. లాటిన్ తెలియని పనివాళ్ళు చెక్కడం వల్ల అక్షరాలు నిలువు గీతలుగా, చుక్కలుగా మారిపోయాయి, మార్క్, డోజ్ పుల్లల బొమ్మలయ్యారు. మోసగాళ్ళ దొంగ నాణేలతో వీటిని కలిపేయడం అన్యాయం. వీటిని ఆభరణం కోసం, జనం నమ్మిన ఒక రూపం కోసం చేశారు. ఇంట్లో పాత గొలుసులో అలాంటి కాసు ఉంటే కరిగించేముందు రెండు వైపులా ఫోటో తీసి, తూకం రాసి, తెలిసినవాళ్ళకు చూపించండి.

చట్టం కూడా తెలుసుకోవాలి. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టర్‌కు చెప్పాలి. వందేళ్ళు దాటిన నాణేలు 1972 చట్టం కింద పురావస్తువులు, అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉన్న పిల్లలకు పాత కాసులు పంపాలనుకునేవాళ్ళు ఇది ముందే కనుక్కోవాలి.

మెట్టు 12: రాసి పెట్టండి

ప్రతి నాణేనికీ ఒక కాగితం: బరువు, కొలత, రెండు వైపుల రాత ఉన్నది ఉన్నట్టు, విప్పిన రూపం, బొమ్మల వర్ణన, ఎవరి దగ్గర ఎప్పుడు కొన్నది లేదా ఏ ఫోటో చూసి రాసింది. ఆఖరి వరుసలో ఆ నగరం రాజు ముఖం బదులు ఏం పెట్టింది, ఎందుకు అన్నది మీ మాటల్లో రాయండి. మొదట డకట్, ఫ్లోరిన్ రాయండి, తర్వాత ఒక ల్యూబెక్ టాలర్, ఆపైన బెర్న్, సెయింట్ గాలెన్ ఎలుగుబంట్లు పక్కపక్కన పెట్టి. జర్మన్ నగరాల చిల్లర నాణేలు వేలంలో అంత ఖరీదు ఉండవు, కొనడం మొదలుపెట్టాలనుకుంటే వాటితో మొదలుపెట్టండి, బంగారం జోలికి తర్వాత వెళ్ళవచ్చు.